తూకానికి వచ్చిన తోట

కిందటి వారం కండక్టరమ్మని వంటింట్లో, కోడలి చేతిసంచి ముందు నిలబెట్టి వచ్చాం. గ్యాసు పుస్తకం కోసం సంచి తెరిస్తే అందులో నీలిమందు సీసా దొరికింది, సగం ఖాళీగా. వారం పైగా మేడ మీద ఆమె పెంచే టొమాటో డబ్బాల మొదళ్ళలోనూ చుట్టూ నేల మీదా నీలి మరకలు కనిపిస్తున్నాయి. ఎవరో కిట్టనివాళ్ళు మొక్కలకి ఏదో మందు పోస్తున్నారని ఆమె అనుమానం. అంతకు ముందురోజే అపార్ట్‌మెంటు సంఘం నోటీసు వచ్చింది. తోట ఉంచాలా తీసెయ్యాలా అన్నది ఆదివారం ఉదయం ఎనిమిదింటికి మేడ మీదే, సభ్యులందరి ముందూ తేలుస్తారు. ఫిర్యాదు చేసిన ఎనిమిది ఇళ్ళవాళ్ళ సంతకాలూ నోటీసు కింద ఉన్నాయి. ఎనిమిదోది ఆమె కోడలిది.

ఇరవయ్యారేళ్ళు సిటీ బస్సులో నిలబడి, ముక్కూ మొహం తెలియని వేలమందిని "టికెట్టేదీ" అని నిలదీసిన మనిషి, ఇంట్లో ఉన్న ఒక్క కోడల్ని "ఇదేమిటీ" అని అడగలేకపోయింది. సీసాని ఎలా ఉన్నదాన్ని అలాగే సంచిలో పెట్టి జిప్పు లాగేసింది.

శనివారమంతా ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మరో మాట లేదు. కొడుకు ఊళ్ళు తిరిగే ఉద్యోగంలో ఉన్నాడు, ఈ వారం ఇంటికి రాడు. కోడలు రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. పెళ్ళయి మూడేళ్ళు. ఇద్దరి మధ్యా గొడవలు లేవు, అలాగని కబుర్లూ లేవు. అత్తగారు మేడ మీద, కోడలు ల్యాబులో. తిండి దగ్గర కలిసి, చెయ్యి కడుక్కుని విడిపోయేవాళ్ళు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట్లోనే ఓడిపోయాక రచ్చకెక్కి ఏం గెలుస్తానని ఆమె ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

ఆదివారం ఆరింటికే మేడ ఎక్కింది. కోడలు అప్పటికే లేదు. పొద్దుటి డ్యూటీ అని చీటీ రాసి ఫ్రిజ్‌కి అంటించి వెళ్ళింది.

నాలుగేళ్ళ కిందట ఆమె రిటైరైన రోజున ఆ మేడ మీద ఉన్నవి విరిగిన కుర్చీలూ, పాత మంచాలూ, పావురాల రెట్టలూ. పట్టపగ్గాలు లేకుండా తిరిగిన కాళ్ళు ఇంట్లో కూర్చోలేక మేడ మెట్లెక్కాయి. మొదటి ఏడు రంగు డబ్బాలు పోగేసి, ఇళ్ళు కడుతున్న చోటి నుంచి తెచ్చిన ఎర్రమట్టి నింపి మొక్కలు పెట్టింది. ఎండకి ఆ మట్టి ఇటికలా బిగుసుకుంది, వానకి బురదై వేళ్ళు కుళ్ళాయి. పదిహేను మొక్కల్లో ఒక్కటి కాసింది, అదీ రెండు కాయలు. రెండో ఏడు ఉత్త కొబ్బరిపొట్టులో పెట్టింది. మొక్కలు తాటిచెట్ల పోటీకి బయల్దేరినట్టు సాగాయి కానీ ఆకులు పాలిపోయి, పూత నిలవలేదు. పొట్టులో నీళ్ళు నిలుస్తాయే గాని తిండి ఉండదని అప్పుడు తెలిసింది. మూడో ఏటికి లెక్క కుదిరింది. రెండు పాళ్ళు కొబ్బరిపొట్టు, ఒక పాలు వానపాముల ఎరువు, ఒక పాలు నల్లగా కాల్చిన ఊక. చెయ్యి పెడితే తడి తగలాలి, పిండితే చుక్క కారకూడదు.

రకాలకి ఆమె పెట్టుకున్న పేర్లు ఆమెవే. గుత్తులు గుత్తులుగా, అందరికంటే ముందు పండే చిన్న చెర్రీ రకం ఎక్స్‌ప్రెస్. దానికి చిన్న బకెట్టు చాలు. గుడ్డు ఆకారంలో, పొట్టిగా, కర్ర ఊతం అక్కర్లేకుండా కాసేది షటిల్. పసుపు రంగు బుడ్డ కాయ డీలక్స్. గుమ్మడికాయలా గాడులు పడి, అరచేతి నిండా వచ్చే పెద్ద రకం ఆర్డినరీ. అది ప్రతి స్టాపులోనూ ఆగుతుంది. పూతకో నెల, కాయకో నెల, పండటానికి ఇంకో నెల. నీళ్ళు ఒకరోజు తక్కువై మర్నాడు ఎక్కువైతే అడుగు నల్లబడిపోతుంది, లేదా పగిలిపోతుంది. అందుకే దానికి పెద్ద డబ్బా, మొదట్లో ఎండుటాకుల దుప్పటి, రెండు పూటలా కొలిచి నీళ్ళు.

ఆ ఉదయం అరవై నాలుగు డబ్బాల్లో ఒక్కటి వదలకుండా చూసి వచ్చింది. ఆర్డినరీ కాయలు అప్పుడే రంగు తిరుగుతున్నాయి. ఏమైనా కానీ, తలొంచుకుని మాత్రం దిగకూడదని అక్కడే నిశ్చయించుకుంది.

ఎనిమిదింటికి జనం వచ్చారు. ఇరవై ఇళ్ళ అపార్ట్‌మెంటు. పిల్లలతో సహా నలభై ఒక్కమంది. కుర్చీలు చాలక కొందరు పిట్టగోడకి చేరబడ్డారు. సంఘం ప్రెసిడెంటు మూడో అంతస్తు ఇంజనీరు గారు. ఉద్యోగమంతా వంతెనలు కట్టిన మనిషి. ఆదివారం కూడా చొక్కా టక్ చేస్తారు. ఎవరిదీ ఒక్క రూపాయి ముట్టరు, ఎవరి తప్పూ ఒక్కటి వదలరు. ఆయనంటే అందరికీ గౌరవం, కాస్త భయం.

ఆయన చెప్పింది క్లుప్తంగా ఇదీ. ఐదో అంతస్తులో టైపు మాస్టారి గదిలో నెల రోజులుగా కప్పు కారుతోంది. ఆ గదికి సరిగ్గా పైన ఉన్నది ఈ తోట. తడిమట్టి నింపిన డబ్బా ఒక్కొక్కటీ ఎదిగిన పిల్లవాడంత బరువుంటుంది. అలాంటివాళ్ళు అరవై నాలుగు మంది పగలూ రాత్రీ కదలకుండా నెత్తి మీద నిలబడితే ఏ స్లాబైనా ఎంతకాలం ఓర్చుకుంటుంది? బరువుకి పగుళ్ళు, పగుళ్ళలోకి నీళ్ళు. మొక్కలంటే తనకి ద్వేషం లేదనీ, ఇళ్ళంటే ప్రేమ ఉందనీ అన్నారు. చాలా తలలు ఊగాయి.

కండక్టరమ్మ లేచింది. ఆమె గొంతుకి మైకు ఎప్పుడూ అక్కర్లేదు. అయినా ఆ రోజు మెల్లగా మాట్లాడింది. పక్కనున్న పాత పేపర్ల కొట్టు నుంచి కాటా అడిగి తెచ్చాననీ, డబ్బా తను ఎంచితే బాగుండదు కనుక ఇంజనీరు గారినే ఎంచమనీ కోరింది.

ఇంజనీరు గారు తోటంతా తిరిగి, బాగా తడిగా, నిండుగా కనిపించిన డబ్బా చూపించారు. ఇద్దరు ముందుకొచ్చారు ఎత్తడానికి. కండక్టరమ్మ వాళ్ళని ఆగమని, తనే రెండు చేతులతో దాన్ని ఎత్తి కాటా మీద పెట్టింది. పదిహేను కిలోలు. ఆ పక్కనే మొదటి ఏటి ఎర్రమట్టి డబ్బా ఒకటి, గుర్తు కోసం ఉంచుకున్నది, అంతే సైజుది, అంతే తడిది. అది ఆమె వల్ల కాలేదు, ఇద్దరు కలిసి ఎత్తారు. ముప్పై నాలుగు.

ఇంజనీరు గారు కాటా దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నారు. ముల్లు చూశారు, వేళ్ళతో మట్టి తీసి నలిపి చూశారు. తర్వాత ఎవరూ అడక్కుండానే లెక్క పైకి చెప్పడం మొదలుపెట్టారు. అరవై నాలుగు పదిహేనులు తొమ్మిది వందల అరవై. పెద్ద డబ్బాలకి ఇంకాస్త కలిపినా పన్నెండు వందలు దాటదు. అదీ ఒకచోట కాదు, మేడంతా పరుచుకుని ఉంది.

"నేనో మాట చెప్పనాండీ," అంది కండక్టరమ్మ. "తలలు లెక్కపెట్టడం నా వృత్తి. ఇప్పుడిక్కడ నలభై ఒక్కమంది ఉన్నారు. పిల్లల్ని తీసేసినా మనందరం కలిసి రెండు వేల కిలోలకి తక్కువుండం. స్లాబు మీద దయ ఉంటే ముందు మీటింగు కింద పెట్టుకోవాల్సింది."

పిట్టగోడ దగ్గర ఎవరో నవ్వారు. ఆ నవ్వు కుర్చీల దాకా పాకింది. ఇంజనీరు గారి మొహంలోనూ ఏదో కదిలింది కానీ ఆయన దాన్ని అణిచేశారు. బరువు సంగతి తను పొరబడ్డానని ఒప్పుకున్నారు. ఒప్పుకుని, రెండో కాగితం తీశారు.

"బరువు సరే. నీళ్ళ మాటేమిటి? మీ తోట నీళ్ళు కిందికి దిగుతున్నాయని మీ ఇంట్లోవాళ్ళే సంతకం పెట్టారు. దానికేమంటారు?"

నవ్వులు ఆగిపోయాయి. నలభై జతల కళ్ళు ఆమె మీద నిలిచాయి. కండక్టరమ్మ నోరు తెరిచింది. బస్సులో తాగుబోతుల్ని దించేసిన నోరు, దొంగల్ని పట్టిచ్చిన నోరు. ఏమంటుంది? నా కోడలికి నేనంటే పడదని నలుగురిలో చెప్పుకుంటుందా? అబద్ధపు సంతకమని ఇంటిపిల్లని రచ్చకీడుస్తుందా?

"దానికి నేను చెబుతానండీ," అన్న మాట మెట్ల గది దగ్గర నుంచి వినిపించింది.

కోడలు. ల్యాబు తెల్లకోటు తీసి చేతి మీద వేసుకుని, ఐదంతస్తులూ ఎక్కిన ఆయాసంతో నిలబడి ఉంది. ఆమె వెనకాల టైపు మాస్టారు. ముప్పై ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన పెద్దమనిషి. కప్పు కారుతున్నది ఆయన మంచం మీదే. ఆయన చేతిలో నీటుగా టైపు చేసిన తొమ్మిది కాగితాలు.

కోడలు ముందుకు వచ్చి నిలబడింది. అత్తగారి వైపు చూడలేదు. ఆ పిల్ల అంతమందిలో మాట్లాడటం ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"సంతకం నాదే. ఫిర్యాదు మీద అప్పటికి ఏడు సంతకాలే ఉన్నాయి. మన సంఘం నిబంధనల ప్రకారం ఏడు దాకా అయితే ప్రెసిడెంటు గారొక్కరే నిర్ణయం తీసుకోవచ్చు. ఎనిమిదైతే అందరినీ పిలిచి తీరాలి. మా అత్తయ్య మాట అందరూ వినాలని ఆ ఎనిమిదోది నేను పెట్టాను."

తర్వాత జరిగింది ఆమే చెప్పింది, కాగితం చూడకుండా, ల్యాబులో రిపోర్టు చదివినట్టు. తొమ్మిది రోజులుగా ఆమె పొద్దున్నే డ్యూటీకి వెళ్ళే ముందు మేడెక్కి, మాస్టారి గదికి పైనున్న డబ్బాల్లోనూ, చుట్టూ నేల మీదా బట్టల నీలిమందు కలిపిన నీళ్ళు పోస్తోంది. మొక్కకి దానివల్ల హాని లేదని ముందు ఒక్కదాని మీద పోసి చూసుకుంది. కింద మాస్టారి గదిలో కారే నీళ్ళు తెల్ల గిన్నెలో పట్టారు. తోట నీళ్ళే దిగుతుంటే ఎప్పుడో ఒకప్పుడు గిన్నెలో నీలి జాడ కనిపించాలి. తొమ్మిది రోజులూ తొమ్మిది సీసాల్లో నమూనా తీసి ల్యాబులో వెలుతురుకి పెట్టి చూసింది. తొమ్మిదీ మంచినీళ్ళలా ఉన్నాయి. ఇక మాస్టారు నిమిషానికెన్ని చుక్కలు పడుతున్నాయో గంట గంటకీ లెక్కపెట్టి టైపు చేశారు. తోటకి నీళ్ళు పోసినప్పుడు చుక్కలు పెరగలేదు. మోటారు వేసి ట్యాంకు నిండిన ప్రతిసారీ పెరిగాయి.

మాస్టారు కాగితాలు ఇంజనీరు గారికి అందించారు. ఎక్కడా ఒక్క తప్పు ఉండదని, నకళ్ళు కూడా తీశానని చెప్పారు.

కండక్టరమ్మ అందరూ ఉన్నారన్నది మర్చిపోయి అడిగింది.

"మరి నాకెందుకు చెప్పలేదే?"

కోడలు అప్పుడు అత్తగారి వైపు తిరిగింది.

"మీకు తెలిసి చేస్తే మీరే నీలిమందు తక్కువ వేశారంటారు, అత్తయ్యా. అదొకటి. రెండోది..." కాస్త తటపటాయించింది. "మీ నోట్లో నువ్వుగింజ నానదు. అదీ ఐదంతస్తులకీ వినబడేలా."

ఈసారి నవ్వు మెట్ల గదిలో మారుమోగింది. అందరికంటే గట్టిగా నవ్వింది కండక్టరమ్మే. నవ్వుతూ నవ్వుతూ పమిట కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ కళ్ళు నవ్వుకే తడిశాయో లేదో పక్కనున్నవాళ్ళకి తెలియలేదు.

ఇంజనీరు గారు తొమ్మిది కాగితాలూ చదివారు. ఎవర్నీ తొందరపెట్టనివ్వలేదు. చదివాక లేచి ట్యాంకు దగ్గరకి వెళ్ళి, గోడలోకి దిగే గొట్టానికి చెవి ఆనించి చాలాసేపు విన్నారు. తర్వాత ట్యాంకు వాల్వు కట్టేశారు. కారుతున్నది ఈ గొట్టమే అయితే కాసేపట్లో చుక్క ఆగాలి, ఆగకపోతే తోట సంగతి మళ్ళీ మాట్లాడుకోవాలి, ఎవరూ కదలొద్దు అన్నారు. మాస్టారు గిన్నె దగ్గర కాపలాకి కిందికి వెళ్ళారు.

ఎదురుచూసే జనానికి ఆకలేస్తుందని కండక్టరమ్మకి తెలుసు. బుట్ట తీసుకుని తోటలోకి వెళ్ళింది. ఎక్స్‌ప్రెస్ గుత్తులు పిల్లల చేతుల్లో పెట్టింది. నోట్లో పగిలి రసం గడ్డం మీదికి కారితే వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసి కిసకిసలాడారు. డీలక్స్ తీపి ముసలాళ్ళకి నచ్చింది. ఆర్డినరీ పండొకటి, ముందుగా పండినది, కోసి ఉప్పు చల్లి పళ్ళెంలో పెడితే నాలుగు నిమిషాల్లో పళ్ళెం ఖాళీ. ఫిర్యాదు మీద మూడో సంతకం పెట్టిన ఆవిడ, తను మార్కెట్లో కొనేవి టొమాటోలా లేక ఎర్ర రంగు వేసిన బంగాళాదుంపలా అని అడిగింది. ఎరువు ఎంత వేస్తారు, ఊక ఎలా కాలుస్తారు, బాల్కనీలో రెండు గంటల ఎండ చాలదా అని ప్రశ్నలు మొదలయ్యాయి. ఎండ తక్కువైతే ఆర్డినరీ జోలికి పోవద్దని, ఎక్స్‌ప్రెస్ పెట్టుకోమని, మట్టి మాత్రం తేవద్దని ఆమె వరస వరసా తిరిగి చెప్పింది, టికెట్లు ఇచ్చినట్టే. ఇంజనీరు గారొక్కరే ఏమీ తినలేదు. వాల్వు పక్కన నిలబడి వాచీ చూసుకుంటున్నారు.

నలభై నిమిషాలైంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు. మాస్టారు వచ్చారు. ఆయాసంతో మాట రాలేదు. చేతిలోని తెల్ల గిన్నెని అందరికీ కనబడేలా పైకెత్తి బోర్లించి చూపించారు. ఒక్క చుక్క రాలలేదు. చివరి చుక్క పడి పదకొండు నిమిషాలైందని, ఊపిరందాక, వివరంగా చెప్పారు.

ఇంజనీరు గారు అందరి ముందుకీ వచ్చారు.

"తప్పు తోటది కాదు, గొట్టానిది. నెల రోజులు నేను పైకి చూశాను, గోడలోకి చూడలేదు. కండక్టరమ్మగారూ, ఈ నోటీసు నేనే రాశాను. మీ ముందే చింపేస్తున్నాను."

చింపారు. నాలుగు ముక్కలు చేసి, ఆ ముక్కల్ని కింద పారెయ్యకుండా జేబులో పెట్టుకున్నారు. తోట ఉంచాలన్నవాళ్ళు చేతులెత్తమన్నప్పుడు మొదట లేచిన చెయ్యి ఆయనదే. కండక్టరమ్మ అలవాటు కొద్దీ లెక్కపెట్టింది. ఓటున్న ఇళ్ళు ఇరవై, లేచిన చేతులు ఇరవై.

ఆ సంతోషంలో ఆమెకి చెయ్యి ఆగలేదు. వచ్చే పంట కోసం మెట్ల గది పక్కన టీ కప్పుల్లో పెంచుతున్న నారు ఉంది, ఇరవై మొక్కలు. ఇంటికొకటి చొప్పున పంచేసింది. ఇంజనీరు గారిదాన్ని తనే తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టింది. ఆయన రెండు చేతులతో అందుకుని, ఏదో అనబోయి, తల పంకించి దిగిపోయారు. పందొమ్మిది ఇళ్ళకి పందొమ్మిది మొక్కలు వెళ్ళాయి. ఒక్కటి మిగిలింది.

పదకొండింటికి మేడ మీద అత్తాకోడళ్ళిద్దరే ఉన్నారు. కుర్చీలు మడుస్తూ కండక్టరమ్మ, తను సీసా చూశానని, చూసి ఏమనుకున్నానో కూడా దాచకుండా చెప్పేసింది. మూడేళ్ళూ నిన్ను సరిగ్గా చూడలేదే అంది. కోడలు, తనకీ చిన్నప్పటి నుంచి మొక్కలంటే ఇష్టమని, మేడ మీదికి రావడానికి ఎవరూ పిలవలేదని అంది. ఆ మాటకి కండక్టరమ్మ బుట్టలోంచి మంచి పండు ఏరి ఆ పిల్ల చేతిలో పెట్టింది. ఇద్దరూ పిట్టగోడ నీడలో కూర్చుని తిన్నారు. రేపటి నుంచి ఆర్డినరీ వరస నీదే అని అత్తగారు పంచి ఇచ్చేసింది కూడా.

చెయ్యి కడుక్కోవడానికి లేచిన కోడలు మిగిలిన నారు మొక్క దగ్గర వంగింది. వంగినది లేవలేదు.

"అత్తయ్యా, ఒకసారి ఇలా రండి."

చివరి ఆకులు చిన్నవై, అంచులు పసుపెక్కి, పైకి దొన్నెలా ముడుచుకుని ఉన్నాయి. కోడలు వేలితో తాకగానే ఆకు కింద నుంచి పిండి చల్లినట్టు తెల్లటి పురుగులు లేచి గాల్లో కలిసిపోయాయి. కండక్టరమ్మకి చెప్పక్కర్లేదు. తెల్లదోమ. అది తెచ్చేది ఆకుముడత. ఒకసారి మొక్కకి సోకితే మందు లేదు, పీకి పారెయ్యడమే. పక్క మొక్కకి అంటకముందే పీకాలి. రెండేళ్ళ కిందట వారం రోజుల్లో పద్నాలుగు మొక్కలు అలాగే పోగొట్టుకుంది. అందుకే తోటలో రోజూ ఆకు తిప్పి చూస్తుంది, పసుపు అట్టలకి జిగురు రాసి వేలాడదీస్తుంది. ఆ తర్వాత ఇన్నాళ్ళూ ఒక్క దోమ రాలేదు. ఇప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది?

అంతకంటే పెద్ద ప్రశ్న ఇంకొకటుంది. దీనితోపాటు పెరిగినవి పందొమ్మిది, ఇంటింటికీ వెళ్ళిపోయాయి. తన చేత్తోనే ఇచ్చింది. వాటి పక్కన తులసి ఉంటుంది, గులాబీ ఉంటుంది, మిరపమొక్క ఉంటుంది.

కోడలు నెమ్మదిగా, రేపు చెబుదామా అంది. ఈ ఒక్కరోజైనా మీరు గెలిచారని జనం అనుకోనివ్వండి అన్నట్టుంది ఆ గొంతు. కండక్టరమ్మ ఒక్క క్షణం తోటకేసి చూసింది. తర్వాత చీర కుచ్చిళ్ళు ఎగదోపింది.

"తప్పు టికెట్టు కొడితే బస్సు కదలకముందే చెప్పాలమ్మాయ్. స్టాపు దాటాక చెబితే అది మోసం. నువ్వు ప్లాస్టిక్ కవర్లు తీసుకో. మొదట మూడో అంతస్తు. కష్టమైన ఇల్లు ముందు అయిపోవాలి."

ఇద్దరూ మెట్లు దిగారు. దారిలో ఎదురైనవాళ్ళు ఇంకా అభినందిస్తూనే ఉన్నారు. కండక్టరమ్మ నవ్వుతూనే దిగింది. మూడో అంతస్తులో ఇంజనీరు గారి తలుపు ముందు నిలబడి, గొంతు సవరించుకుని, గంట నొక్కింది. లోపల ఏదో బరువైనదాన్ని నేల మీద ఈడ్చిన చప్పుడు. మళ్ళీ నొక్కింది.

తలుపు తెరుచుకుంది. ఇంజనీరు గారి చొక్కా మొదటిసారి టక్‌లోంచి బయటికి వచ్చి ఉంది. మోచేతుల దాకా ఎర్రమట్టి. ఆయన భుజం మీదుగా, హాలు అవతల, సగం తెరిచిన బాల్కనీ తలుపులోంచి ఆమెకి కనిపించాయి. వరసగా ఎనిమిది కుండీలు. ఒక్కో దానిలో ఒక టొమాటో మొక్క, నిలువునా ముడుచుకుపోయిన ఆకులతో. వాటి మీద, ఎండలో, తెల్లటి పిండి లేస్తూ వాలుతూ ఉంది.

ఇంజనీరు గారు మెట్ల వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"ఇద్దరూ లోపలికి రండి. ముందు ఆ తలుపెయ్యండి."